తూకపురాయి లేని మందు

శీతల ప్లాస్మా క్యాన్సరు కణాలను చంపుతుంది, ఆరోగ్యంగా ఉన్న కణాల జోలికి పోదు. ఈ వాక్యాన్నో, దీని అన్నదమ్ములనో గత పదిహేనేళ్ళుగా విజ్ఞాన వార్తలలో చదువుతూనే ఉన్నాను. వాక్యం అబద్ధం కాదు. ప్రయోగశాలలలో, గాజుపళ్ళేలలో పెంచిన కణాల మీద, కొన్ని ఎలుకల మీద అటువంటి ఫలితాలు వచ్చిన మాట నిజమే. నా అభ్యంతరమల్లా ఆ వాక్యంలో లేని ఒక చిన్న మాట గురించి. "ఎంత?" అనే మాట. ఎంత ప్లాస్మా, ఎంతసేపు, ఎంత దూరం నుండి, ఎటువంటి తడిలో ఉన్న కణాల మీద? ఉప్పు మంచిదా చెడ్డదా అని అడిగితే వంటింట్లో ఎవరైనా చిటికెడా, గుప్పెడా అని తిరిగి అడుగుతారు. వార్తాపత్రికలు ఆ ప్రశ్న అడగవు. అవి సరే, శాస్త్రజ్ఞులకు కూడా దానికి ఒక్కమాటలో జవాబు చెప్పే సాధనం ఇంకా చేతికి రాలేదు. ఈ సంగతి తెలియకుండా శీతల ప్లాస్మా గురించి ఎంత చదివినా అసలు విషయం చేజారిపోతుందని నా నమ్మకం.

ముందుగా ఆ పదార్థం ఏమిటో చూద్దాం. వాయువులోని పరమాణువుల నుండి కొన్ని ఎలక్ట్రానులు ఊడిపోగా, ఆ ఎలక్ట్రానులూ, వాటిని పోగొట్టుకున్న అయానులూ, చెక్కుచెదరని పరమాణువులూ కలగలిసి ఉన్న స్థితి ప్లాస్మా. సూర్యుడు ప్లాస్మా. మెరుపు ప్లాస్మా. ఈ రెండూ చెప్పగానే మనకు భగభగమనే వేడి గుర్తుకు వస్తుంది. కాని మన ఇళ్ళలో ఏళ్ళ తరబడి వెలిగిన ట్యూబులైటులో ఉన్నదీ ప్లాస్మాయే. ఆ గొట్టాన్ని చేతితో ముట్టుకున్నా చేయి కాలదు. లోపల తిరుగుతున్న ఎలక్ట్రానుల ఉష్ణోగ్రత మాత్రం పదివేల డిగ్రీల దరిదాపులలో ఉంటుంది. ఇది కనికట్టు కాదు. దీపావళినాడు కాకరపువ్వొత్తి రవ్వలు చేతిమీద పడినా చురుక్కుమనడమే తప్ప బొబ్బలెక్కవు. ఒక్కొక్క రవ్వ ఉష్ణోగ్రత చాలా ఎక్కువే. అయితే అది మోసుకొచ్చే వేడి అత్యల్పం. ఎలక్ట్రాను సంగతీ ఇంతే. హీలియం పరమాణువు దానికంటే సుమారు 7,300 రెట్లు బరువు. గోళీ వెళ్ళి బండరాయిని కొట్టినట్లు ఎలక్ట్రాను వెళ్ళి పరమాణువును కొడితే గోళీ ఎగిరిపోతుంది, బండ కదలదు. అందువలన ఎలక్ట్రానులు వేడిగా, వాయువు చల్లగా ఒకే గొట్టంలో కాపురం చేయగలవు.

ట్యూబులైటులో పీడనం తక్కువ కనుక ఈ కాపురం సులువు. మనం పీల్చే గాలి పీడనంలో గుద్దుకోవడాలు మరీ ఎక్కువై, చూస్తూండగానే అంతా వేడెక్కి నిప్పురవ్వగా మారుతుంది. దీనిని ఆపడానికి విద్యుద్ధ్రువాల మధ్య గాజువంటి బంధకాన్ని అడ్డుపెట్టే ఉపాయం పాతదే. వెర్నర్ ఫాన్ సీమెన్స్ 1857లోనే ఆ పద్ధతితో ఓజోను తయారు చేశాడు. నీటిని శుద్ధి చేయడానికి పనికివచ్చిన ఆ ఉపాయాన్ని జీవకణాల మీద మృదువుగా ప్రయోగించవచ్చునన్న ఆలోచన రావడానికి దాదాపు నూటనలభై ఏళ్ళు పట్టింది. 1996లో మునీర్ లారూసి గాలి పీడనం వద్ద పుట్టించిన ప్లాస్మాతో సూక్ష్మజీవులను చంపవచ్చునని చూపించాడు. 2002లో నెదర్లాండ్స్‌లోని ఐన్‌ధోవెన్‌లో ఎవా స్టోఫెల్స్ బృందం "ప్లాస్మా సూది"ని తయారుచేసింది. సన్నని లోహపు మొన చివర మెరిసే ఆ చిన్న వెలుగును పళ్ళెంలో పెరుగుతున్న కణాలకు కొద్దిసేపు చూపిస్తే, కణాలు చావలేదు. ఒకదానినొకటి, అడుగునున్న పళ్ళేన్నీ పట్టుకున్న పట్టు వదిలేసి తేలాయి. కొన్ని గంటల తరువాత మళ్ళీ అతుక్కున్నాయి. ఈ రంగంలోని ప్రయోగాలన్నిటిలో నాకు బాగా నచ్చినది ఇదే. చంపడం తెలిసిన వస్తువు చంపకుండా ఇంకేదో చేసింది.

ఆ "ఇంకేదో" ఏమిటి? ఎలక్ట్రానులు వెళ్ళి కణాలను పొడుస్తాయని చాలామంది అనుకుంటారు. వెలుగు చూసి కిరణమేమో అని మరికొందరు అనుకుంటారు. కాస్త అతినీలలోహిత కాంతి ఉంటుంది, విద్యుత్ క్షేత్రమూ ఉంటుంది, వాటి పాత్రను కొట్టివేయలేము. కాని పనిలో సింహభాగం రసాయనశాస్త్రానిది. ఆర్గాను వంటి జడవాయువుతో పుట్టిన ప్లాస్మా బయటికి రాగానే గాలిలోని ఆమ్లజనినీ, నత్రజనినీ, నీటి ఆవిరినీ తాకుతుంది. ఆ తాకిడిలో హైడ్రాక్సిల్ రాడికల్, ఆమ్లజని పరమాణువు, సూపరాక్సైడు, ఓజోను, నైట్రిక్ ఆక్సైడు పుడతాయి. ఇవి కణాల మీది తడిలో కరిగి హైడ్రోజన్ పెరాక్సైడుగా, నైట్రైటుగా, నైట్రేటుగా, పెరాక్సీనైట్రైటుగా మారతాయి. హైడ్రాక్సిల్ రాడికల్ ఆయుష్షు సెకండులో వందకోట్లవ వంతు దరిదాపులది. పుట్టినచోటే దేనినో ఒకదానిని కరిచి అంతరిస్తుంది. హైడ్రోజన్ పెరాక్సైడు మాత్రం తాపీగా ప్రయాణం చేయగలదు.

ఇది ఊహ కాదని నిరూపించిన పని జపానులోని నగోయా విశ్వవిద్యాలయంలో జరిగింది. 2011లో అక్కడివారు ప్లాస్మాను కణాలకు చూపించనే లేదు. కణాలను పెంచే ద్రవానికి చూపించి, ఆ ద్రవాన్ని మెదడు క్యాన్సరు కణాల మీద పోశారు. కణాలు చనిపోయాయి. అంటే ప్లాస్మా ఆరిపోయిన తరువాత కూడా దాని పని ఆ నీళ్ళలో మిగిలి ఉన్నదన్నమాట. పూజారి వెళ్ళిపోయినా తీర్థం పనిచేసిందని ఎవరైనా చమత్కరించవచ్చు. కాని ఆ తీర్థంలో ఏమున్నదో, ఎంత ఉన్నదో కొలవవచ్చు. తేడా అక్కడే ఉన్నది.

ఇక్కడ నన్ను మొదటినుండీ ఆశ్చర్యపరిచే విషయం ఒకటి చెప్పాలి. పైన చెప్పిన జాబితాలో జీవకణానికి కొత్తది ఒక్కటి కూడా లేదు. మన మైటోకాండ్రియాలు శ్వాసక్రియలో సూపరాక్సైడును కారుస్తూనే ఉంటాయి. న్యూట్రోఫిల్ అనే తెల్లకణం సూక్ష్మజీవిని మింగిన తరువాత దాని మీద గుమ్మరించేది ఈ సూపరాక్సైడునూ, హైడ్రోజన్ పెరాక్సైడునూ, చివరకు బట్టలు తెల్లబరిచే పొడిలోని ఘాటువంటి హైపోక్లోరస్ ఆమ్లాన్నీ. నైట్రిక్ ఆక్సైడు రక్తనాళాల గోడలను సడలిస్తుందని కనుగొన్నందుకు ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో నోబెల్ బహుమతి ఇచ్చారు. హైడ్రోజన్ పెరాక్సైడు సైతం కణం లోపల అతి స్వల్పంగా, నానోమోలార్ల కొలతలో, ఒక సంకేతంగా పనిచేస్తుంది. కొన్ని ప్రోటీనుల మీది గంధకపు మొనలను తాకి పెరగమనో, కదలమనో, కాచుకొమ్మనో చెబుతుంది. అదే పదార్థం వేయింతలై మైక్రోమోలార్లలో మీదపడితే కొవ్వుపొర ఆక్సీకరణం చెందుతుంది, డీఎన్ఏ పోగులు తెగుతాయి. ప్లాస్మా కణానికి పరాయిభాష మాట్లాడడం లేదు. కణానికి తెలిసిన భాషలోనే మాట్లాడుతున్నది. గుసగుసగా చెబుతున్నదా, చెవిలో అరుస్తున్నదా అన్నదే ప్రశ్న.

గుసగుస స్థాయిలో ఏమవుతుందో చర్మకణాల మీద జర్మనీలోని గ్రైఫ్స్‌వాల్డ్ పరిశోధకులు చాలా ఓపికగా పరిశీలించారు. కణంలో ఎన్‌ఆర్‌ఎఫ్2 అనే ప్రోటీను ఒకటి ఉన్నది. మామూలు వేళలలో దానిని మరొక ప్రోటీను కట్టిపడేసి ఉంచుతుంది. ఆక్సీకరణపు తాకిడి తగలగానే కట్టు వీడి, అది కణకేంద్రకంలోకి పోయి రక్షణ సరంజామాను తయారుచేసే జన్యువులను మేల్కొలుపుతుంది. గ్లూటథయాను ఉత్పత్తి పెరుగుతుంది. కణం ఒకవిధంగా కసరత్తు చేసినట్లవుతుంది. ఇంకొంచెం పెంచితే కణం తనంత తానుగా చావడానికి సిద్ధపడుతుంది. దీనికి 1972లో పెట్టిన గ్రీకు పేరు అపాప్టోసిస్. ఆకు రాలడమని అర్థం. శిశిరంలో చెట్టు ఆకును వదిలినట్లు, పక్కవారికి ఇబ్బంది లేకుండా కణం ముడుచుకొని రాలిపోతుంది. ఇంకా పెంచితే ఆకును పట్టి చింపినట్లే. కణపొర పగిలి, లోపలిదంతా బయట పారి, చుట్టూ వాపు వస్తుంది. ఒకే పరికరం, ఒకే వాయువు, ఒకే రకం కణాలు. సెకండ్లు మారితే పోషణ, సెకండ్లు మారితే చావు.

ఇప్పుడు మొదటి వాక్యానికి వద్దాం. క్యాన్సరు కణాలను ఎంచుకొని చంపడం. అమెరికాలోని జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో మైకేల్ కైడార్ బృందం 2011లో ఎలుకలలోని కణుతుల మీద ఈ ఫలితాన్ని ప్రకటించినప్పటి నుండి దీనికి అనేక వివరణలు వచ్చాయి. క్యాన్సరు కణాలు అసలే ఆక్సీకరణపు ఒత్తిడిలో ఉంటాయి కనుక మరికొంత భారం పడగానే కూలిపోతాయన్నది ఒకటి. నీటికాలువల వంటి ఆక్వాపోరిన్ ప్రోటీనులు వాటి పొరలో ఎక్కువగా ఉండడం వలన హైడ్రోజన్ పెరాక్సైడు ఎక్కువగా లోపలికి పోతుందన్నది మరొకటి. పొరలో కొలెస్టరాలు తక్కువ గనుక సులువుగా చిల్లులు పడతాయన్నది ఇంకొకటి. అన్నిటిలోనూ కొంత నిజం ఉండవచ్చు. కాని అన్ని క్యాన్సరు కణాలూ ఒక కులం కావు. ఆక్వాపోరినులు తక్కువ ఉన్నవీ, గ్లూటథయాను దండిగా దాచుకున్నవీ వాటిలో ఉన్నాయి. "క్యాన్సరు కణం", "ఆరోగ్య కణం" అని రెండు గదులు గీసి మాట్లాడడంలోనే తప్పటడుగు పడుతున్నది.

ఇంతకంటే ఇబ్బందికరమైన చిక్కు గాజుపళ్ళెంలోనే ఉన్నది. ఒక్కొక్క రకం కణాన్ని ఒక్కొక్క పోషకద్రవంలో పెంచుతారు. కొన్ని ద్రవాలలో పైరువేటు అనే పదార్థం కలుపుతారు, కొన్నిటిలో కలపరు. పైరువేటు హైడ్రోజన్ పెరాక్సైడును కనపడగానే విరిచేస్తుంది. ఆరోగ్య కణాలను పైరువేటు ఉన్న ద్రవంలో, క్యాన్సరు కణాలను అది లేని ద్రవంలో ఉంచి రెండింటికీ అరవై సెకండ్ల ప్లాస్మా చూపిస్తే ఏమవుతుంది? ఒకరికి గొడుగు ఇచ్చి, ఇంకొకరికి ఇవ్వకుండా వానలో నిలబెట్టి, తడవకపోవడం ఇతని ఒంటి గుణమని తీర్పు చెప్పినట్లు అవుతుంది. బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ విశ్వవిద్యాలయం వారు 2019లో సరిగ్గా ఈ విషయాన్నే పరీక్షించారు. ఎంపిక చేసి చంపుతున్నట్లు కనిపించే గుణం మీద కణం రకమూ, పెంచే ద్రవమూ గట్టిగా ప్రభావం చూపుతాయని తేల్చారు. ఈ వ్యాసం వచ్చినప్పుడు పత్రికలలో పెద్ద అక్షరాలతో శీర్షికలేమీ నాకు కనబడలేదు. ఒక ఆశ్చర్యం వార్త అవుతుంది, ఆశ్చర్యానికి పెట్టిన షరతు వార్త కాదు.

ద్రవం ఒక్కటే కాదు. గొట్టంలోకి పోయే ఆర్గానులో తేమ రవ్వంత ఎక్కువైతే హైడ్రోజన్ పెరాక్సైడు ఉత్పత్తి మారి, చర్మకణాల బతుకు మారిపోతుందని 2013లో గ్రైఫ్స్‌వాల్డ్ వారే చూపించారు. మొనకూ కణానికీ మధ్య దూరం మారినా, చుట్టూ ఉన్న గాలి మారినా లెక్క మారుతుంది. బాల్టిక్ సముద్రతీరపు శీతాకాలంలో సరిచూసిన పరికరం వానాకాలపు విశాఖపట్నంలో అదే మోతాదు ఇస్తుందని ముందుగానే నమ్మడానికి వీలులేదు.

చరిత్రలో దీనికి పోలిక ఉన్నది. రాంట్‌జెన్ 1895లో ఎక్స్ కిరణాలను కనుగొన్న తరువాత నెలల వ్యవధిలోనే వాటిని చికిత్సకు వాడడం మొదలుపెట్టారు. కొలిచే ప్రమాణం లేదు. చర్మం ఎర్రబడేంతవరకు కిరణాలు పంపి దానినే ఒక మోతాదు అనుకున్న రోజులవి. కాలిన చేతులు, తీసివేసిన వేళ్ళు, కొన్ని ప్రాణాలు పోయిన తరువాత 1928లో స్టాక్‌హోంలో రాంట్‌జెన్ పేరిట ఒక ప్రమాణం అంగీకరించారు. ఇప్పుడు వాడే గ్రే 1975లో వచ్చింది. ఈ మధ్యకాలంలో రేడియం కలిపిన నీళ్ళను బలానికి మందుగా సీసాలలో అమ్మారు. వెయ్యికి పైగా సీసాలు తాగిన ఎబెన్ బయర్స్ అనే అమెరికా ధనికుడు దవడ ఎముక కుళ్ళి 1932లో మరణించాడు. ప్లాస్మా రేడియం వంటిది కాదు. అది ఎముకలో గూడు కట్టుకోదు, మీట నొక్కితే ఆరిపోతుంది. నేను పోల్చుతున్నది ప్రమాదాన్ని కాదు, తూకపురాయి లేకపోవడాన్ని. నేటికీ ప్లాస్మా వ్యాసాలలో మోతాదును ఎక్కువగా సెకండ్లలో చెబుతున్నారు. పొయ్యి మీద ఎంతసేపు ఉంచారో చెప్పి, మంట ఎంతో, గిన్నె ఏదో చెప్పకపోవడం వంటిది ఇది.

గ్రే వంటి ఒకే ప్రమాణం ప్లాస్మాకు దొరుకుతుందని నేను అనుకోను. అక్కడ కొలిచేది కణజాలం మీద పడిన శక్తిని. ఇక్కడ పడుతున్నది పది పన్నెండు పదార్థాల కషాయం. కషాయానికి ఒక అంకె చాలదు, పాళ్ళు చెప్పాలి. జర్మనీ వారు 2014లో డిఐఎన్ స్పెక్ 91315 అనే తొలి ప్రమాణపత్రంలో వైద్యానికి వాడే ప్లాస్మా పరికరం ఏయే సంగతులు చెప్పి తీరాలో రాశారు. ఉష్ణోగ్రత, అతినీలలోహిత కాంతి, వెలువడే వాయువులు, శరీరంలోకి పారే విద్యుత్తు, ద్రవంలో పుట్టే పదార్థాలు, సూక్ష్మజీవుల మీద, కణాల మీద ప్రభావం. చూడడానికి గుమాస్తా పట్టికలా ఉంటుంది. క్యాన్సరు కణాలు చచ్చాయని చెప్పే వంద వార్తలకంటే ఆ పట్టికకే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

ఇంత సందేహించినవాడు దీనిని కొట్టిపారేస్తున్నాడని అనుకోవద్దు. పుండ్ల చికిత్సలో శీతల ప్లాస్మా గడించిన పేరు గట్టిదే. 2010లో జర్మనీలో 36 మంది రోగుల మానని పుండ్ల మీద మామూలు చికిత్సతోపాటు రోజుకు ఐదు నిమిషాలు ఆర్గాను ప్లాస్మా ఇచ్చి చూస్తే, సూక్ష్మజీవుల భారం ప్లాస్మా తగలని పుండ్లతో పోల్చినప్పుడు 34 శాతం ఎక్కువగా తగ్గింది. 2013లో కిన్‌పెన్ మెడ్ అనే పరికరానికి ఐరోపాలో వైద్య పరికరంగా ఆమోదం వచ్చింది. ఆ తరువాత, 2020లో, మధుమేహం వలన పాదాలకు పుండ్లు పడిన నలభై మందికి పైగా రోగులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు ప్లాస్మా, మరొక జట్టుకు ఉత్తుత్తి చికిత్స ఇచ్చి పోల్చిన అధ్యయనం వెలువడింది. ప్లాస్మా జట్టులో పుండ్లు వేగంగా కుంచించుకుపోయాయి. విశేషమేమంటే, సూక్ష్మజీవుల భారంలో రెండు జట్లకూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

ఈ చివరి వాక్యం మీద కొంచెం ఆగాలి. క్రిములు చస్తాయి కనుక పుండు మానుతుంది అన్న కథ అందరికీ అర్థమయ్యే కథ. 2010 నాటి ఫలితం ఆ కథకు అనుకూలంగా ఉన్నది. 2020 నాటి ఫలితం చెప్పేది వేరు. క్రిముల లెక్క అటూఇటూ కాకుండానే పుండు మానింది. అంటే ప్లాస్మా మాట్లాడినది రోగి సొంత కణాలతో. మొద్దుబారిన పుండు అంచులలోని చర్మకణాలను కదిలించి ఉండాలి, రక్తప్రసరణకు దారి ఇచ్చి ఉండాలి. గుసగుస పనిచేసిందని చెప్పడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం నాకు తోచదు. ఈ పరిశోధన అంతటిలో మన సామాన్య ప్రజలకు దగ్గరగా వచ్చేది ఇదే. షుగరు వ్యాధితో కాలి వేలు పోగొట్టుకున్న చుట్టమో, పొరుగువారో లేని తెలుగు కుటుంబం నా ఎరుకలో అరుదు.

అందుకే ఒక సంగతి చెప్పాలి. ఒక మిత్రుడు తన తల్లిగారి కాలి పుండుకు ఒక ఆసుపత్రిలో "ప్లాస్మా చికిత్స" చేస్తామన్నారనీ, నేను ఏదో చదువుతూ ఉంటాను గదా, మంచిదేనా చెప్పమనీ అడిగాడు. నేను ఆర్గానూ, హైడ్రోజన్ పెరాక్సైడూ అంటూ ఐదు నిమిషాలు ధోరణిలో పడ్డాను. అతడు మధ్యలో ఆపి, "అదేమిటండీ, అమ్మ రక్తమే తీసి తిప్పి పెడతామన్నారు" అన్నాడు. వారు చెప్పినది రక్తఫలకికలు చిక్కగా ఉన్న రక్తరసం. అదీ పుండ్లకు వాడే చికిత్సే. పేరు ఒకటి, పుండు ఒకటి, వస్తువులు మాత్రం పూర్తిగా వేరు. ఆసుపత్రివారు తప్పేమీ చెప్పలేదు, అతడూ తప్పు వినలేదు. తప్పు ఉంటే మాటలో ఉన్నది.

ఆ మాట వెనుక కథ సరదాగానే ఉంటుంది. 1928లో ఇర్వింగ్ లాంగ్మ్యూర్ వాయువుల గొట్టాలలో కనిపించిన ఈ స్థితికి ప్లాస్మా అని పేరు పెట్టాడు. రక్తరసం ఎర్రకణాలనూ తెల్లకణాలనూ మోసినట్లు, ఈ ద్రవంవంటి వాయువు ఎలక్ట్రానులనూ అయానులనూ మోస్తున్నదన్న పోలిక అతని మనసులో మెదిలిందని సహచరుడు ఒకాయన తరువాత గుర్తుచేసుకున్నాడు. ఎక్స్ కిరణాలకు కొలత దొరికిన సంవత్సరమే ప్లాస్మాకు పేరు దొరికింది. కొలత ఇంకా దొరకలేదు. పోనీ, రెండు ప్లాస్మాలు రెండు వేర్వేరు భవనాలలో ఉన్నంతకాలం పేచీ లేదు. ఒకటి వైద్యశాలలో, రెండవది భౌతికశాస్త్రశాలలో ఉండేవి. ఇప్పుడు రెండవది కూడా వైద్యశాల గుమ్మం తొక్కింది. 2020లో కోవిడు కాలంలో ప్లాస్మా దానం చేయండని తెలుగు పత్రికలన్నీ రాసినప్పుడు ఆ మాట జనం మనసులో రక్తంతో ముడిపడిపోయింది. రక్తానిదానిని రక్తరసం అందాము, వాయువుదానిని శీతల ప్లాస్మా అందాము. కొత్త సమాసాలు పుట్టించాలన్న ఉబలాటం నాకు లేదు. అయనజ్వాల అందామన్నవారిని ఎరుగుదును. జ్వాల అంటే మండుతున్నదన్న భ్రమ కలుగుతుంది, ఇక్కడ ఏదీ మండడం లేదు.

మండే సరుకు వేరే ఉన్నది. ముఖం మీది ముడతలు పోగొడతామంటూ అందాల దుకాణాలలో "ప్లాస్మా పెన్ను" అని అమ్ముతున్న వస్తువు చర్మం మీద చిన్న విద్యుత్ రవ్వను రేపి, ఆ చోటును చుక్క చుక్కగా కాలుస్తుంది. శీతల ప్లాస్మా మీద జరిగిన పరిశోధనలను దానికి సాక్ష్యంగా చూపించడం పచ్చి మోసం. రెండింటికీ ఉన్న చుట్టరికం గోరువెచ్చని నీటికీ సలసల కాగే నీటికీ ఉన్నంతే.

క్యాన్సరు రోగుల సంగతి చెప్పకుండా వదిలేస్తే ఈ రాత అన్యాయమవుతుంది. తల, మెడ భాగాలలో క్యాన్సరు ముదిరి, పైకి పగిలి పుండుగా మారిన కొద్దిమంది రోగులకు గ్రైఫ్స్‌వాల్డ్ వైద్యులు శీతల ప్లాస్మా ఇచ్చి చూశారు. కొందరిలో కణితి కొంత తగ్గింది. వ్యాధి నయం కాలేదు. కాని ఆ పుండ్ల దుర్వాసన తగ్గింది. దీనిని చిన్న విషయంగా తీసివేసేవారు అటువంటి రోగి మంచం పక్కన కూర్చుని ఉండరు. కుళ్ళువాసన వలన మనుమలు దగ్గరకు రాని ముసలివారికి ఆ వాసన తగ్గడం ఎంత? ఉత్తరాంధ్ర తీరంలో చుట్టను నిప్పు ఉన్న కొస నోటిలో పెట్టుకొని కాల్చే అడ్డపొగ అలవాటు వలన అంగిలికి పుండ్లు, క్యాన్సర్లు వచ్చిన ఆడవారి గురించి మన వైద్యులు దశాబ్దాలుగా రాస్తూనే ఉన్నారు. ప్లాస్మా వారికి ప్రాణం పోస్తుందని నేను అనను. అయినా ఇటువంటి ఊరట దాని వలన సాధ్యమైతే, ఆ ఊరటను ఊరటగా చెప్పడంలో నామోషీ ఏమీ లేదు. అద్భుతమని చెప్పిననాడు రోగి శస్త్రచికిత్స మానుకొని దీనికోసం పరుగెడతాడు. నా భయమంతా అదే.

అమెరికాలో ఔషధ నియంత్రణ సంస్థ అనుమతితో 2020, 2021 సంవత్సరాలలో జరిగిన తొలి పరీక్షలో 20 మంది రోగులు పాల్గొన్నారు. శస్త్రచికిత్సలో కణితిని కోసి తీసిన తరువాత, మిగిలిపోయి ఉండగల కణాల కోసం ఆ అంచులకు శీతల ప్లాస్మా ఇచ్చారు. ఇది ప్రధానంగా భద్రతను చూడడానికి జరిగిన తొలిదశ పరీక్ష, పోల్చడానికి రెండవ జట్టు లేదు. దీనిని చదివి ఎంతమంది బతికారన్న లెక్కలు వేయడం తొందరపాటు. కాని పద్ధతి నాకు నచ్చింది. కత్తి చేసే పని కత్తి చేసింది, తరువాత మిగిలిన పలుచని అంచు వరకే ప్లాస్మాను పిలిచారు. పొట్టి ఆయుష్షు రాడికళ్ళు లోతుకు పోలేవు కనుక పైపొర మీద పనిచేయించడం దాని స్వభావానికి తగిన పని.

మన దేశంలో గాంధీనగర్‌లోని ప్లాస్మా పరిశోధన సంస్థవారు శీతల ప్లాస్మా పరికరాలను, ప్లాస్మా సోకించిన నీటిని తయారుచేసి విత్తనాల మీద, సూక్ష్మజీవుల మీద పరీక్షిస్తున్నారు. ఇక్కడి పరికరం ఇక్కడి పుండు మీదికి వచ్చినప్పుడు ఎదురయ్యే ప్రశ్న ఒకటి ఉన్నది. పుండు గాజుపళ్ళెం కాదు. దానిలో రసి ఊరుతుంది, రక్తం చెమరుస్తుంది. ఆ రసిలోని ప్రోటీనులు రాడికళ్ళను మధ్యలోనే పీల్చేస్తాయి, ఎర్రకణాలలోని కాటలేజు హైడ్రోజన్ పెరాక్సైడును నీరుగా, ఆమ్లజనిగా విడగొడుతుంది. ప్రయోగశాలలో పైరువేటు పట్టిన గొడుగును ఇక్కడ రసి పడుతుంది. ఆరిన పుండు మీద అరవై సెకండ్లూ, తడి ఊరుతున్న పుండు మీద అరవై సెకండ్లూ కణాలకు ఒకే మోతాదు కాదు. ఒకే రోగి పాదం మీద ఉదయం ఒక లెక్క, కట్టు మార్చే సాయంత్రానికి మరొక లెక్క. చీటీ మీద మాత్రం రెండు పూటలా అరవై సెకండ్లనే రాసి ఉంటుంది.